హైబీమ్ బల్బు

ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి
గుడ్డలో చుట్టి పక్కన పెట్టినా.
మిగతావన్నీ దాని తర్వాతే అని
మా ఉస్తాద్ నెత్తిన మొట్టి నేర్పినాడు.

శువైఖ్‌లో ఆగస్టు.
రేకుల షెడ్డు కింద ఫ్యాను
తెడ్డుతో సంగటి గెలికినట్టు
వేడిని గెలుకుతా ఉంది.

బండి డెబ్బైతొమ్మిది కాప్రిస్.
బానెట్టు నా మంచం కంటే వెడల్పు.
బూ ముబారక్ పక్క సీట్లో కూర్చున్నాడు,
బిడ్డకు సూది ఎక్కడ గుచ్చుతారో చూసే తండ్రి మాదిరి.
రాత్రిపూట స్పీడు కనపడ్డం లేదు,
పెట్రోలు ఉందో లేదో దేవుడికే తెలుసు అన్నాడు
వచ్చీరాని హిందీలో, నా హిందీ లాంటిదే.

ఎల్‌ఈడీలు వేస్తానన్నా. తెల్లగా ఉంటాయి, పదేళ్ళు పోవు.
"ఆస్పత్రి వెలుతురు నాకొద్దు."

నాలుగు స్క్రూలు వచ్చినాయి. ఐదోది దాక్కుంది.
స్పీడోమీటర్ కేబుల్ మెడ నొక్కి వదిలించి
డయళ్ళ పెట్టెను ఒళ్ళో బోర్లించుకున్నా.
వెనక ప్లాస్టిక్ మీద రాగి దారులు,
పాత చీర జరీ, గట్టిగా పట్టుకుంటే చిట్లుతుంది.
సందుల్లో మెత్తటి ఇసుక,
ఎప్పటి గాలిదుమారానిదో.

ఎడమకి పావు తిప్పు. లాగు.
ఎడమకి పావు తిప్పు. లాగు.
ఆరు బల్బులు మసి పట్టి వచ్చినాయి.
ఏడోది హైబీమ్‌ది. ఎర్రగా ఉంది.
గోటితో గీకి చూసినా. గోళ్ళరంగు!

"ఎవడో తిక్క మెకానిక్ పూసినాడు" అన్నా.
"మెకానిక్ కాదు. మౌదీ."

మౌదీ ఎవరని నేనడగలేదు.
వఫ్రా రోడ్డులో ఒక రాత్రి
నీలం చుక్క కంట్లో పొడుస్తా ఉందని
బండి ఆపించిందంట. ఈ పెట్టె మొత్తం ఊడదీయించి
సంచిలోంచి సీసా తీసి పూసిందంట,
ఆరేదాకా ఊదిందంట.
అంతే చెప్పి అద్దంలోంచి బయటికి చూసినాడు.
బయట టైర్లు తప్ప ఏమీ లేవు.

కొత్త బల్బు నా దగ్గరుంది. రంగు లేదు.
పోయిన బల్బు పట్టుకొని బకాలాకి పోయినా.
ఎరుపుల్లో ఇన్ని ఎరుపులుంటాయని
ముప్పైనాలుగేళ్ళకి తెలిసింది.
కోయా ఒక్కో సీసా తీసి నా గోళ్ళకే పూసి చూపించినాడు.
రెండు తప్పు. తుడిచినాడు.
మూడోది బొటనవేలి మీద ఆరేసరికి
బల్బూ గోరూ అక్కాచెల్లెళ్ళు.
"ఎవరికి?" అన్నాడు నవ్వుతా.
"కాప్రిస్‌కి" అన్నా.

మగ్రిబ్ దాటినాక
షట్టరు సగం దించి చీకటి చేసి
బ్యాటరీ తీగ బిగించినా.
డయళ్ళలోకి ఆకుపచ్చ నిదానంగా వచ్చింది,
పాత రేడియో మేలుకున్నట్టు.
పెట్రోలు సూది అడుగున పడుకొని ఉంది.
బూ ముబారక్ ఎడమ కాలితో నేలమీది స్విచ్ నొక్కినాడు.
టక్.
నీలం గాజు వెనక ఎర్రరంగు,
ఒకే ఒక్క నేరేడుపండు.

మళ్ళీ నొక్కినాడు. ఆరింది.
మళ్ళీ.
పదకొండు దాకా లెక్కపెట్టి
చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ వెతుక్కుంటా
నేను బయటికొచ్చేసినా.

పోతా పోతా మాడిన బల్బు అడిగి తీసుకొని
దిష్‌దాషా జేబులో వేసుకున్నాడు.
కూలి ఇచ్చినాడు. బేరం ఆడలేదు, అదొక్కటే వింత.
ఐదో స్క్రూ బెంచీ మీదే మిగిలిపోయింది.

హసావీ రూములో
ఓబులేసు, ఖాదర్‌వలి నా చెయ్యి పట్టుకొని
లైటు కింద తిప్పి తిప్పి నవ్వినారు.
పెళ్ళికూతురా అన్నారు.
పెట్రోలుతో తుడిస్తే పోయేదే.
రోజూ పెట్రోలుతోనే చేతులు కడుక్కుంటా,
ఆ ఒక్క వేలు పిడికిట్లో ముడిచి పెట్టుకొని.

ఇప్పటికి మూడు వారాలు.
గోరు మొదట్లో సన్నటి తెల్లని సందు వచ్చింది,
ఎరుపు కొసకి జరుగుతా ఉంది,
పెట్రోలు సూది మాదిరే.
కదిలేటప్పుడు మాత్రం
ఎంత చూసినా కనపడదు.